ఇంటికొక చెయ్యి

ఇషిజాకా పేటకు రాసిపెట్టుకున్న నియమాలంటూ ఎప్పుడూ లేవు. రేవు మీదికి వాలిన కొండ, ఆ కొండ మీదికి పాకిన రాతిమెట్ల దారి, దారికి అటూ ఇటూ ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్లున్న ఇళ్ళు, అదే పేట. చెత్త ఏ రోజు బయట పెట్టాలో, వేసవి ఉత్సవానికి పల్లకీ ఎవరు మొయ్యాలో, ఎవరింట్లోనైనా మనిషి పోతే వంటకు ఎవరు రావాలో అంతా నోటిమాట మీదే నడిచేది. కొత్తవాళ్ళెవరైనా "ఎందుకలా?" అని అడిగితే "మొదట్నించీ అంతే" అన్నదే జవాబు. ఆ జవాబుతో నాలుగు తరాలు వెళ్ళిపోయాయి.

ఆ ఏడు వానలకు సంఘం హాలు కప్పు కారిపోయింది. మెట్ల మొదట్లో, బావి పక్కన ఉన్న పాత చెక్క హాలు అది. కూల్చి కొత్తది కట్టుకుంటే నగరపాలక కార్యాలయం కొంత సాయం చేస్తానంది. తీరా చూస్తే హాలూ బావీ ఉన్న జాగా ఎప్పుడో యుద్ధానికి ముందు కాలం నాటి ముగ్గురు పెద్దమనుషుల పేరు మీద ఉంది. వాళ్ళ వారసులు ఒసాకాలో కొందరు, బ్రెజిల్‌లో కొందరు. జాగా సంఘం పేరుకు మారాలంటే సంఘానికి రాతపూర్వకమైన నియమావళి ఉండాలి, దాన్ని సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి అన్నారు.

నవంబరు నెలలో ఒక ఆదివారం అందుకోసమే పెద్దలంతా హాల్లో కూర్చున్నారు. మధ్యలో కిరసనాయిలు పొయ్యి, చుట్టూ చాపల మీద మనుషులు, పళ్ళెంలో చిన్న కమలాపళ్ళు. సంఘం అధ్యక్షుడు ఒగిషి ఒకప్పుడు ఓడల మరమ్మతు యార్డులో మేస్త్రీ. ఎనభై దగ్గర పడ్డా గొంతు మాత్రం ఇంకా సుత్తిదెబ్బల మధ్య వినిపించేలాగే ఉంటుంది.

"నియమావళి రాయాలి. నా వల్ల కాదు. నాకు నట్లు బిగించడం వచ్చు, మాటలు బిగించడం రాదు. ఎవరు రాస్తారు?" అన్నాడు.

కినుయో కలం మూత తీసింది.

అది గర్వం కాదు, అలవాటు. సంఘం కాయితాల్లో కార్యదర్శి పేరు ఆమె భర్త కత్సుమిదే అయినా, ఇరవై ఏళ్ళుగా పని చేసేది కినుయో. ఇంటింటికీ తిరిగే ప్రకటనలు రాసేది ఆమే, సమావేశంలో ఎవరేమన్నారో రాసుకునేది ఆమే, ఉత్సవానికి ఎర్ర కాగితం మీద కుంచెతో పేర్లు రాసేదీ ఆమే. పేటలో ఏదైనా రాయాలంటే ఇంకెవరి పేరు తడుతుంది?

"మిచిరు గారు రాస్తే బావుంటుంది" అంది సుగాయె.

కినుయో ముందు సరిగ్గా వినలేదనుకుంది.

"కోబేలో వాళ్ళుండే పెద్ద అపార్టుమెంటులో ఆవిడే సంఘం పన్లన్నీ చూసేదట. నియమావళి కూడా రాసిందట. తెలిసినావిడ ఉండగా మనం తడుముకోవడం దేనికి?" సుగాయె అటు పక్కన కూర్చున్న మిచిరు మోకాలి మీద చెయ్యివేసి మరీ చెప్పింది.

మిచిరు నాలుగేళ్ళ కిందట వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. మెట్ల మధ్యలో పాడుపడిన చాపలవాళ్ళ ఇల్లు కొని, మొగుడూ తనూ బాగుచేసుకుని ఉంటున్నారు. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపి, "అయ్యో, నేనా, వచ్చి ఎన్నాళ్ళయిందని? కినుయో గారున్నారు కదా" అంది.

"కినుయో ఎలాగూ ఉంటుంది. ఆవిడ చిత్తు రాస్తే సాపు రాసిపెడుతుంది" అన్నాడు ఒగిషి. అంతా చప్పట్లు కొట్టారు.

కినుయో కూడా కొట్టింది. నవ్వింది కూడా. లోపల మాత్రం ఎవరో పచ్చిమిరపకాయ నూరి గుండెకు రాసినట్లుంది. మిచిరు అన్నందుకు కాదు, ఒగిషి అన్నందుకు కాదు. సుగాయె అన్నందుకు. సాపు రాసిపెడుతుందట! ఇంకా నయం, చీపురు పట్టుకుని చాపలు ఊడుస్తుందనలేదు.

సుగాయె, కినుయో ఒకే వసంతంలో ఈ మెట్లెక్కి వచ్చిన కొత్తకోడళ్ళు. ఇద్దరి అత్తలూ గయ్యాళులే. ఇంట్లో ఏడవడానికి చోటు లేక బియ్యం కడిగే నెపంతో బావి దగ్గరకు వచ్చి ఏడ్చేవాళ్ళు, తర్వాత ఏడ్చినందుకు నవ్వుకునేవాళ్ళు. ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నారు. సుగాయె మొగుడు జబ్బుపడి పోయినప్పుడు కినుయో నెల్లాళ్ళు ఆ ఇంట్లోనే పడుకుంది. ఏటా చలికాలం రాగానే ఇద్దరూ కలిసి ముల్లంగి కడిగి, చూరుకు వేలాడదీసి, ఎండాక సుగాయె వాళ్ళ కొట్టంలోని పీపాలో తవుడు, ఉప్పు వేసి ఊరబెట్టేవాళ్ళు. ఆ పీపా ఒక్కరిది కాదు, ఇద్దరిదీ.

ఆ ఏడు ముల్లంగి కడిగే రోజున కినుయో బుట్ట ఎత్తుకుని దిగేసరికి బావి దగ్గర ఇద్దరి నవ్వులు వినిపించాయి. మిచిరు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, సుగాయె పక్కన, కినుయో ఎప్పుడూ కూర్చునే రాతి మీద కూర్చుని ఉంది.

"రావే, ఇంతాలస్యమా? ఈవిడకు మన పద్ధతి నేర్పుతున్నా. చూడు, అప్పుడే ఎంత బాగా తోముతోందో!" అంది సుగాయె.

"ఆ తొడుగులతో తోమితే మట్టి పోయిందో లేదో చేతికేం తెలుస్తుంది?" అంది కినుయో.

"నిజమేనండీ" అని మిచిరు వెంటనే తొడుగులు తీసేసింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. చేతులు ఎర్రబడుతున్నా ఆమె కిక్కురుమనలేదు. అది కినుయోకు ఇంకా కడుపుమంటగా తోచింది. కనీసం అమ్మో అని అరిచినా బావుండేది.

ముల్లంగి తోముతూనే మిచిరు అంది. "కినుయో గారూ, నాలుగైదు పేటల నియమావళులు తెప్పించి చదువుతున్నా. కానీ మన పేట సంగతులు మీకు తెలిసినట్లు నాకేం తెలుస్తాయి? ఒక పూట కూర్చుని చెబితే..."

"నాకేం తెలుసండీ. నేను సాపు రాసేదాన్ని" అంది కినుయో.

సుగాయె ముల్లంగి తోమడం ఆపి ఆమెకేసి చూసింది.

ఇంటికి వచ్చాక కినుయో గిన్నెలన్నీ అవసరమైన దానికంటే గట్టిగా దించింది. కత్సుమి పత్రిక మీంచి తలెత్తాడు. పడవల టికెట్ల ఆఫీసులో పనిచేసి రిటైరైన నెమ్మదైన మనిషి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆవిడ రాస్తే రాయనీ. నీకు పని తగ్గింది కదా" అన్నాడు.

"నాకు పని ఎక్కువైందని నీతో ఎప్పుడైనా అన్నానా?"

"లేదు."

"మరి తగ్గిందని నువ్వెందుకు సంతోషపడుతున్నావు?"

కత్సుమి మళ్ళీ పత్రికలో దూరిపోయాడు. కినుయో కిటికీ దగ్గర నిలబడింది. అక్కడినుంచి సుగాయె వాకిలి కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఆ కిటికీలోంచి చూసేది సుగాయె బట్టలు ఆరేసిందా, లేచిందా, బాగుందా అని. ఇప్పుడు చూసేది ఆ వాకిట్లో ఎవరి చెప్పులున్నాయా అని. ఒక రోజు సుగాయె, మిచిరు మంచి కోట్లు వేసుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళే పడవ వైపు నడుస్తూ కనిపించారు. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

జనవరిలో మిచిరు ముసాయిదా తెచ్చి హాల్లో చదివింది. పేట హద్దులు ఎక్కడినుంచి ఎక్కడి దాకా, సంఘం చేసే పనులేమిటి, సభ్యులెవరు, పదవులెన్ని. చక్కగా రాసింది. వంకపెట్టడానికి చోటు దొరుకుతుందేమోనని కినుయో ప్రతి వాక్యాన్నీ బియ్యంలో రాళ్ళేరినట్లు వెదికింది. దొరకలేదు. అప్పుడు మిచిరు ఓటు గురించిన నియమం చదివింది.

"సమావేశంలో సభ్యులైన పెద్దలు ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఓటు ఉంటుంది."

హాల్లో గుసగుసలు లేచాయి. అంతవరకూ ఇంటికి ఒక చెయ్యి లేచేది, అది ఇంటిపెద్ద చెయ్యి. ఒగిషి బుర్ర గోక్కుని, "అంటే మా ఆవిడకో ఓటు, నాకో ఓటా? ఇంట్లో ఎలాగూ నాకు చెల్లుబాటు లేదు, ఇక్కడా పోయిందన్నమాట" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. సుగాయె మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగుతో ఆమె మిచిరును చూసింది.

ఆ చూపు కినుయో చూసింది. అది ఒకప్పటి తన సొత్తు.

ఆ నియమం మంచిదని కినుయోకు తెలుసు. బావి గట్టున ఎన్నిసార్లు అనుకోలేదు, మనకంటూ ఒక మాట చెల్లే రోజు వస్తుందా అని! ఇరవై ఏళ్ళుగా లేచిన చేతులన్నీ లెక్కపెట్టి రాసిందే గాని, ఏనాడూ తన చెయ్యి లేపింది లేదు. అయినా నోరు తెరుచుకుంది.

"ఒక మాట చెప్పొచ్చా? మనిషికో ఓటంటే ఎక్కువమంది ఉన్న ఇంటిదే పైచెయ్యి అవుతుంది. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ మాట ఎవరు వింటారు? ఒకే ఇంట్లో ఇద్దరు చెరో వైపు చెయ్యెత్తితే ఆ గొడవ ఇంటిదాకా పోదా? ఇక్కడ ఇంటికొక ఓటు మొదట్నించీ ఉంది. కోబేలో అపార్టుమెంటు వేరు, మన మెట్లు వేరు."

ఆ చివరి వాక్యం బాణంలా తగిలింది. మిచిరు చెవులు ఎర్రబడ్డాయి. ముసలివాళ్ళు సంబరపడ్డారు. "కినుయో చెప్పిందంటే అందులో అర్థం ఉంటుంది" అన్నాడొకాయన. ఇంటిపెద్దల చేతులు లేచాయి. ముసాయిదాలో ఆ వాక్యం కొట్టేసి 'ఇంటికి ఒక ఓటు' అని రాశారు. సాపు రాసింది కినుయోనే. చక్కటి దస్తూరితో.

గెలుపు తియ్యగానే ఉంది, మెట్లెక్కే దాకా. వెనక నుంచి సుగాయె ఆయాసపడుతూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను ఓటేస్తే నీకేం నొప్పే?"

"నీ గురించి కాదే. పద్ధతి..."

"చాల్లే, పద్ధతట! మా ఇంటిపెద్ద ఎవరు? మా అబ్బాయి. అంటే ఇక చచ్చేదాకా వాడి చెయ్యి వెనకాల కూర్చోవాలా నేను? వాడి ముక్కు తుడిచిన దాన్ని! బావి దగ్గర మనకో మాట చెల్లదా అని వెక్కివెక్కి ఏడిచింది ఎవరు, మీ అత్తా?"

"ఆవిడ రాసింది కనకే కదా నీకింత నచ్చింది. అదే నేను రాస్తే నీకు పట్టేది కాదు."

అనేశాక ఆ మాటలు తన చెవికే చిన్నపిల్ల మాటల్లా వినిపించాయి. సుగాయె చెయ్యి వదిలేసింది.

"అదా సంగతి" అంది. "కినుయో, నీ వయసెంతే?"

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఊరిన ముల్లంగి తియ్యగానే మొదటి ముక్కలు కోసుకుని ఇద్దరూ కొట్టంలోనే నిలబడి తినడం అలవాటు. ఆ ఏడు సుగాయె కోడలు ఒక డబ్బాలో పెట్టి తెచ్చి, "అత్తయ్య ఇచ్చి రమ్మన్నారండీ" అని గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయింది. సగానికి సగం, న్యాయంగా పంచిన వాటా. కినుయో ఆ డబ్బా మూత రెండు రోజులు తియ్యలేదు. మిచిరుకు కొట్టంలో నిలబెట్టి పెట్టి ఉంటుందని, ఇద్దరూ కరకర నమిలి నవ్వుకుని ఉంటారని అనుకుంటూనే ఉంది. తన వాటా అంత న్యాయంగా రావడం కంటే అందులోంచి ఎవరైనా నాలుగు ముక్కలు దొంగిలించి ఉంటే బావుండుననిపించింది.

ఫిబ్రవరిలో పేటవాళ్ళందరూ మళ్ళీ హాల్లో కూడారు. కొత్త హాలు నమూనా గోడకు అంటించారు. సుగాయె కొడుకు తోషికి లేచాడు. మంచివాడే, చేపల మార్కెట్టులో లారీ నడుపుతాడు, చీకటితోనే లేవాలి.

"మెట్ల మీదికి కార్లు రావు. రోడ్డు మీద పెడితే రేవువాళ్ళు తిడుతున్నారు. హాలు ఎలాగూ కడుతున్నాం కనక ఆ బావి పూడ్చేసి, గట్టు కొట్టేస్తే నాలుగు కార్లు పట్టే జాగా వస్తుంది. కుళాయిలున్నాక బావెందుకు?" అన్నాడు.

"సరే, మనం రాసుకున్న నియమం ఎలా పనిచేస్తుందో ఒకసారి చూసినట్లూ ఉంటుంది. ఇప్పుడు వచ్చిన లెక్క ఏప్రిల్ సమావేశంలో పెడదాం. ఇంటికొక చెయ్యి! బావి పూడ్చాలనేవాళ్ళు ఎత్తండి" అన్నాడు ఒగిషి.

కినుయో కలం పట్టుకుని లేచి నిలబడి లెక్కపెట్టడం మొదలెట్టింది. ముందు వరసలో చేతులన్నీ మగచేతులే. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆ బావి దగ్గర ఒక్క ముల్లంగి కడిగినవాళ్ళు కాదు. వెనక వరసలో ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తోషికి చెయ్యెత్తాడు. అతని వెనకే సుగాయె తలొంచుకుని తన వేళ్ళకేసి చూసుకుంటోంది. కినుయో అటునుంచి కళ్ళు తిప్పుకుంది. ఇటు తిరిగేసరికి ఇంకో చెయ్యి. పొడుగ్గా, సన్నగా, మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చతో. కత్సుమిది.

ఆ చెయ్యిని కూడా లెక్కపెట్టాలి. పెట్టింది. రాసింది. బావి పూడ్చాలన్న వాళ్ళే ఎక్కువమంది.

ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూనే అడిగింది. "నన్నొక్క మాట అడిగావా?"

"ఏం అడగాలి? మోకాళ్ళు నొప్పులని నువ్వే అంటావు. కారు కిందే ఉంటే ఆసుపత్రికి తేలిక కదా అనుకున్నా."

"ఆ బావి దగ్గర నేను..." అని ఆగిపోయింది. ఆ బావి దగ్గర ఏం జరిగిందో ఇన్నేళ్ళలో అతనికి ఎప్పుడూ చెప్పలేదని అప్పుడే గుర్తొచ్చింది. అతని తల్లి గురించి ఏడ్చింది కదా, అతనికెలా చెబుతుంది?

"ఇంటికొక ఓటన్నది నువ్వే కదా. ఇల్లు చెయ్యెత్తింది" అన్నాడు కత్సుమి. వెక్కిరింతగా కాదు, ఉన్నమాటగానే. అందుకే మరీ మండింది.

మర్నాటి నుంచీ కినుయోకు ఒకటే ఆలోచన. తను తెచ్చిన నియమం తనే తీయించాలి. దారి కూడా తెలుసు. మిచిరు ఇంటికి వెళ్ళి, "తప్పయింది, మీరు రాసిందే సరైంది, ఇద్దరం కలిసి చెబుదాం" అంటే చాలు. రెండుసార్లు ఆ ఇంటి దాకా వెళ్ళింది. మొదటిసారి లోపల సుగాయె గొంతు వినిపించి వెనక్కి వచ్చేసింది. రెండోసారి లోపల ఎవరూ లేరు, మిచిరు ఒక్కతే తలుపు తీసింది. "రండి, రండి" అని ఎంతో సంతోషంగా పిలిచింది. ఆ సంతోషం చూసి కినుయో మాట మార్చింది. "చెత్త తీసుకెళ్ళే రోజు మారింది, చెబుదామని" అని చెప్పి వచ్చేసింది. అది మారలేదు. పాపం, మిచిరు ఆ వారం చెత్త ఒకరోజు ముందే పెట్టి, కాకులు చిందరవందర చేస్తే మెట్లన్నీ ఊడ్చుకుంది. కిటికీలోంచి అది చూస్తూ కినుయో సిగ్గుపడింది. కాస్త సంతోషపడింది కూడా. రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో ఆమెకే తెలియలేదు.

ఏప్రిల్ వచ్చింది. సర్వసభ్య సమావేశానికి హాలు కిటకిటలాడింది. ముందు ఇంటిపెద్దలు, వెనక ఆడవాళ్ళు. కినుయో ఒగిషి పక్కన చిన్నబల్ల దగ్గర కూర్చుంది. ఒగిషి నియమాలు ఒక్కొక్కటీ చదువుతూ, "అభ్యంతరముందా?" అని అడుగుతూ పోతున్నాడు. ఓటు నియమం వచ్చింది.

"ఇంటికి ఒక ఓటు. అభ్యంతరముందా?"

వెనక వరసలో మిచిరు కదిలింది. ఒక చెయ్యి చాప మీద ఆనించి, ఒక మోకాలు పైకి లేపింది. చేతిలో మడిచిన కాగితం ఉంది. ఆమె లేవబోతోంది. లేచి ఆ నాలుగు మాటలూ తనే చెబుతుంది, చక్కగా, నెమ్మదిగా, ఎవరూ నొచ్చుకోకుండా. సుగాయె ఆమెకేసి తలెత్తి చూస్తోంది. ఆ చూపే. మళ్ళీ అదే చూపు.

కినుయో లేచి నిలబడింది. బల్ల మీది టీ ఒలికింది.

"అభ్యంతరముంది" అంది. గొంతు అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది.

మిచిరు మోకాలు మళ్ళీ కిందికి దిగింది.

ఒగిషి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఇది జనవరిలో నువ్వు చెప్పిందే కదమ్మా?"

"నేనే చెప్పా. ఇప్పుడు వద్దనేదీ నేనే. రాసేది కూడా నేనే కనక రెండూ రాస్తాను, మీరేం బెంగపడకండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కినుయో ఆగలేదు.

"ఫిబ్రవరిలో ఇక్కడ నిలబడి చేతులు లెక్కపెట్టా. బావి పూడ్చెయ్యాలని లేచిన చేతుల్లో ఆ బావి తాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. తాడు లాగిన చేతులన్నీ వెనక ఒళ్ళో ఉన్నాయి. పూడిస్తే పూడ్చండి, ఉంచితే ఉంచండి. కానీ వాళ్ళ లెక్క కూడా నన్ను రాయనివ్వండి. ఇరవై ఏళ్ళుగా సగం పేట లెక్కే రాస్తున్నా. ఇంట్లో గొడవలొస్తాయన్నా కదా? వచ్చాయి. మా ఇంట్లో వచ్చింది. ఓటు లేకపోయినా వచ్చింది."

అందరూ కత్సుమి వైపు తిరిగారు. కత్సుమి మెడ దాకా ఎర్రబడి, చాప మీద లేని దారప్పోగు ఏరడం మొదలెట్టాడు.

"సరే, మార్చాలన్నా ఇవాళ్టికి పాత పద్ధతే కదా. ఇంటికొక చెయ్యి. మనిషికో ఓటు కావాలనేవాళ్ళు ఎత్తండి" అన్నాడు ఒగిషి.

కాసేపు ఏ చెయ్యీ లేవలేదు. తర్వాత వెనక వరసలో మోచేతులు పనిలోకి దిగాయి. ఒకాయన "అబ్బా!" అని నడుము పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాడు. కత్సుమి కినుయోకేసి ఒకసారి చూసి ఎత్తాడు. తోషికి ఇంకా ఆలోచిస్తుంటే సుగాయె అతని మణికట్టు పట్టుకుని జెండా లేపినట్లు పైకి లేపింది. "అమ్మా, భుజం!" అని అతను మొత్తుకుంటే హాలంతా గొల్లుమంది. ఒగిషి కూడా నవ్వుతూ, "మా ఆవిడ చూస్తోంది" అని తన చెయ్యి ఎత్తేశాడు.

నియమం మారింది. బావి సంగతి మళ్ళీ అడిగితే ఈసారి వెనక వరసల్లోంచి చేతులు లేచాయి. కొందరు అలవాటు లేక సగమే ఎత్తారు. "పైకమ్మా, పైకి, మెట్లెక్కేవాళ్ళు చెయ్యెత్తలేరా!" అన్నాడు ఒగిషి. కినుయో లెక్కపెడుతూ తన దగ్గరకు వచ్చేసరికి కలం ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి ఎత్తింది. బావి మిగిలింది. గట్టు పక్కన రెండు కార్లకు చోటు దొరికింది. తోషికి గొణుక్కున్నాడు గాని, ఆ రెంటిలో ఒకటి అతనికే ఇచ్చారు.

అక్కడితో అయిపోతే కినుయోకు ఎంతో బావుండేది. కానీ ఒగిషి తాను ఇక అధ్యక్షుడిగా ఉండనన్నాడు. కొత్త నియమావళి కనక కొత్త మనిషి కావాలన్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కినుయోకు హాలంతా తనకేసే చూస్తున్నట్లనిపించింది.

"మిచిరు గారు" అంది సుగాయె.

చేతులు లేచాయి. కినుయో వంగి ఏదో రాసుకుంటున్నట్లు నటించింది. ఆమెకు వచ్చిన ఓటు అప్పుడే ఒకసారి వాడింది, మిచిరు కోసం రెండోసారి వాడలేదు. ఆ తర్వాత కార్యదర్శిగా కినుయో పేరు అన్నారు, ఈసారి మొగుడి పేరుతో కాదు, తన పేరుతోనే. అందరి కంటే ముందు లేచిన చెయ్యి మిచిరుది. అది చూడకుండా ఉంటే బావుండుననుకుంది కినుయో.

తన చేత్తోనే రాసింది. అధ్యక్షురాలు మిచిరు. దాని కింద, కార్యదర్శి కినుయో. కింద.

సమావేశం అయ్యాక చాపలు దులుపుతుంటే సుగాయె వచ్చి రెండో కొస పట్టుకుంది. అప్పటికి మూణ్ణెల్ల మౌనం అది.

"ఆవిడ లేవబోవడం చూసి లేచావు కదూ?"

"ఎవరు?"

"నా దగ్గరా నీ నాటకం?"

కినుయో చాప గట్టిగా దులిపింది. దుమ్ము ఇద్దరి మధ్యా లేచింది. "అవును. చూసే లేచా. ఆవిడ చెప్పి ఉంటే నువ్వు... సరేలే. అయితే ఏం?"

"ఏం లేదు. లేచావు కదా, అది చాలు" అంది సుగాయె. చాప మడిచి ఆమె చేతికి ఇస్తూ, "ఆవిడంటే నాకు ఇష్టమే. అది మానను. చెబుతున్నా" అంది.

"మానమని ఎవరన్నారు?"

"నీ మొహం అంటోంది."

కినుయోకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుంది. "నాతో మాట్లాడకుండా నువ్వు ఉండగలిగావు. అదీ నాకు..."

"ఉండలేదు" అంది సుగాయె. "రోజూ ఆవిడతో నీ గురించే మాట్లాడా. నువ్విలా అన్నావు, నువ్వలా చేశావు అని. మొన్న ఆవిడ విసుక్కుంది కూడా. 'అంత బెంగయితే వెళ్ళి మాట్లాడరాదూ, నా బుర్ర తినకపోతే' అంది."

ఆ మాట కినుయో ఇంటికి తీసుకెళ్ళింది. అన్నం తింటూ ఒకసారి, గిన్నెలు కడుగుతూ ఒకసారి తలుచుకుంది. మిచిరు విసుక్కుందట. తన గురించి. ఎంతో మంచి మాటలా అనిపించింది.

వారం తిరక్కుండా వెదురు మొలకలు వచ్చాయి. కొండ వెనక తోటలో తవ్వినవి ఎవరో సుగాయెకు ఇచ్చారు. "మొలకలు వేసి అన్నం వండుతున్నా. మధ్యాహ్నం భోజనానికి రా. ఆవిడనీ పిలిచా, ముందే చెబుతున్నా, మళ్ళీ మూతి ముడవకు" అని ఫోను చేసింది.

"నాకేం, పిలుచుకో" అంది కినుయో.

ఆ రోజు పొద్దున్నే లేచి ఇల్లు సర్దేసింది. మొలకల పొట్టు ఒలవడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, సాయం కావాలి, అందుకే ముందు వెళ్ళాలి అని కత్సుమికి చెప్పింది. అతను అడగలేదు. ఇంకా పదింటి టీ వేళ కూడా కాలేదు. మెట్లు గబగబా దిగింది, మోకాళ్ళ నొప్పి సంగతే గుర్తు రాలేదు. ఒక పూటంతా సుగాయె తన ఒక్కదానిదే. మూణ్ణెల్ల కబుర్లున్నాయి. మిచిరు వచ్చేలోపల సగమైనా చెప్పెయ్యాలి.

సుగాయె గుమ్మంలో, రాతి మీద, ముందు కొసలు వాకిలి వైపు తిప్పి పొందిగ్గా పెట్టిన బూడిదరంగు చెప్పులు ఉన్నాయి. లోపల పొట్టు ఒలుస్తున్న చప్పుడు. మిచిరు గొంతు ఏదో అంటోంది, సుగాయె నవ్వుతోంది.

కినుయో ఆ చెప్పుల్ని కాసేపు చూసింది. తన చెప్పులు విప్పి, ఆ బూడిదరంగు చెప్పుల్ని కాస్త పక్కకు జరిపి, తనవి గుమ్మానికి దగ్గరగా పెట్టుకుని, "నేనొచ్చా!" అని కేకేసి లోపలికి వెళ్ళింది.